కూడా

క్లాక్స్‌విక్‌లో మా గది కిటికీకి ఉప్పు పట్టింది.
ఫూగ్లోయ్ దీవికి మూడు రోజులుగా పడవ లేదు.
అక్కడ, గొర్రెల కొట్టం వెనక గోడకి
ఒక ఇనప్పెట్టెలో మా స్విచ్.
దాన్ని ముట్టుకోవాలంటే సముద్రం దాటాలి,
లేదా నల్లటి తెర మీద
ఒక్క తెల్లటి వరుస రాయాలి.

రన్వాకి కుడిచేతికి మూడే వేళ్ళు.
మిగతా రెండూ చేపల ఫ్యాక్టరీలో పోయాయి, పంతొమ్మిదో ఏట.
బాణం మీటల దాకా ఆమె చెయ్యి సాగదీయదు.
మౌస్‌ని సొరుగులో పడేసింది, దగ్గుబిళ్ళల పక్కన.
"వరుస మొదటికి పోవాలా? కంట్రోల్ పట్టుకుని ఏ నొక్కు.
చివరికా? ఈ.
నలభైసార్లు బాణం నొక్కేవాడు
నలభైసార్లు సముద్రం దాటుతాడు."

నిజమే.
నేను నొక్కిన అక్షరం నా తెర మీద పుట్టదు.
గాల్లోంచి దీవికి పోయి, ఆ పెట్టె తలుపు తట్టి,
విన్నానని అనిపించుకుని
తిరిగొచ్చాకే కనిపిస్తుంది.
డిష్ ఊగుతున్న ఈ రాత్రి
రానూ పోనూ రెండు సెకన్లు.
కనపడని మాటను నమ్మి తరవాతి మాట రాయాలి.

మధ్యలో ఆ పెట్టె తన గొడవ తను చెప్పుకుంటుంది:
ఏడో పోర్టు పడింది. ఏడో పోర్టు లేచింది.
నా వాక్యం నడుం మీద దాని గోల వచ్చి పడి
ఏది నాదో ఏది దానిదో తెలీదు.
కంట్రోల్, ఆర్.
కడిగి బోర్లించిన గిన్నెలా
నా వాక్యం కింద మళ్ళీ.

మూడో పోర్టు వివరణలో ఎవరో రాసిపెట్టారు:
'ముట్టుకోకు, అడుగు. హానుస్.'
హానుస్ పోయి ఆరేళ్ళు.
ఎవర్ని అడగాలో రాయలేదు.

రేవులో కొత్తగా పెట్టిన గాలి మీటరుకి
ఒక దారి కలపడం, అంతే నా పని.
ఉన్న దారులు ఆరు. నలభై మంది ఫోన్లు వాటి మీదే.
నంబరు తప్పు పడింది.
కంట్రోల్, డబ్ల్యూ: వెనక మాట మొత్తం చెరిగిపోవాలి.
చెరగలేదనుకుని మళ్ళీ నొక్కాను.
రెండూ చెరిగాయి, రెండు సెకన్లు ఆలస్యంగా.
నేను అప్పటికే కొత్త నంబరు కొట్టి
ఎంటర్ మీద ఉన్నాను.

ఆ రెండోసారి పోయింది చిన్న మాట: కూడా.
"ఇది కూడా" అనాల్సిన చోట "ఇది" అన్నాను.
స్విచ్చికి "ఇది" అంటే "ఇది మాత్రమే".
మిగతా ఆరు దారులూ మూసేసింది,
నేను కూర్చున్న కొమ్మతో సహా.

కర్సర్ మాత్రం మినుక్కుమంటూనే ఉంది.
అది మా ఊరిది, దానికేం తెలుసు.

రన్వా లేవలేదు.
"మొదట ఏం రాయించాను నీ చేత?"
పది నిమిషాల్లో నా నుంచి కబురు లేకపోతే
పడుకుని లే, నేను చెప్పింది మర్చిపో.
అది రాయించినప్పుడు విసుక్కున్నాను.

పది నిమిషాలు, ఆపైన లేవడానికి నాలుగు.
ఆ సేపు దీవిలో ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేరు.
గోడ గడియారం కింద నిలబడి
వాళ్ళ పేర్లు గుర్తు తెచ్చుకున్నాను. పదకొండు వచ్చాయి.
"ఫ్యాక్టరీ మిషన్‌కి ఈ సౌకర్యం లేదు,"
అంది ఆమె, దగ్గుబిళ్ళ కాగితం పళ్ళతో విప్పుతూ.

పాస్‌వర్డ్ అడిగింది, కొత్తవాణ్ణి అడిగినట్టు.
పై బాణం నొక్కాను, అలవాటు చావక.
వెనక ఏమీ లేదు. నా తప్పు దానికి గుర్తు లేదు.
ఈసారి కూడా ముందు గడువు పెట్టాను.
ఈసారి ప్రతి అక్షరం తిరిగొచ్చేదాకా ఆగాను.
కూడా. మళ్ళీ చదివాను. కూడా.
ఎంటర్.
గడువు రద్దు చెయ్యడం మర్చిపోబోతే
ఆమె మూడు వేళ్ళతో బల్ల మీద కొట్టింది.

గాలి మీటరు మొదటి అంకె పంపింది:
సెకనుకి ముప్పై ఒక్క మీటర్లు.
కిటికీ ఆ సంగతి సాయంత్రం నుంచీ చెబుతూనే ఉంది.